సన్నే ఏం చెప్పింది

విజయవాడ నుంచి మా కుంట ఊరికి రావాల్సిన సినిమా పెట్టె ఎక్కడో తప్పిపోయి, దాని బదులు ఇంకో పెట్టె వచ్చింది. డెబ్బై ఒకటో సంవత్సరం, నవంబరు ఆఖరు. శబరి ఒడ్డున డేరా వేసుకున్న టూరింగ్ టాకీసు కాశయ్య, దేవుడి సినిమా వస్తోందని అప్పటికే ఊరంతా డప్పు కొట్టించాడు. తీరా రీలు ఎక్కిస్తే తెల్లదొరల సినిమా. మొదటి రీలు కొస తెగిపోయి ఉండటంతో దాని పేరేమిటో కూడా తెలియలేదు.

కాశయ్య విజయవాడకు టెలిగ్రాం కొట్టాడు. రైళ్లూ లారీలూ మిలిటరీ సామానుకే చాలడం లేదు, ఇంకో పెట్టె ఇప్పట్లో పంపలేం, ఉన్నదే ఆడించుకోమని జవాబొచ్చింది. డిసెంబరు మూడున యుద్ధం మొదలైంది. మర్నాడే ఠాణా జవాను సైకిలు మీద బజారంతా తిరిగి, పొద్దుగూకాక బయటికి వెలుతురు కనబడకూడదని చెప్పిపోయాడు. డేరాలో పగలు ఆట వేస్తే బొమ్మ కనబడదు. రాత్రి వేస్తే ఠాణావాళ్లు ఊరుకోరు. కాశయ్య వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"సేటూ, నీ గోదాం ఖాళీగ ఉన్నదంట," అన్నాడు మామయ్యతో.

మా మామయ్య శ్రీరంగం అడవి సరుకు వ్యాపారి. చింతపండు మాఘంలో దిగుతుంది, ఇప్పపువ్వు చైత్రంలో. మార్గశిరంలో గోదాం ఖాళీయే. మందపాటి గోడలు, ఒక్క కిటికీ లేదు. తలుపులు వేస్తే పట్టపగలే చీకటి.

"మధ్యాహ్నం పూట ఆట ఏసుకుంట. కిరాయి ఏమిమ్మంటవో చెప్పు."

"కిరాయి వద్దు," అన్నాడు మామయ్య. "మా కోడలు బజారు మొహం చూసి ఆరేండ్లయింది. గోదాముకు మా పెరట్లకెల్లి ఒక తలుపున్నది. ఆ తలుపు కాడ ఒక కుర్చీ వెయ్యి. అదే కిరాయి."

నేను లోపల కంది పప్పు చెరుగుతూ విన్నాను. నన్ను అడగకుండా ఈయన ఇదేం బేరమని కాస్త చిరాకు కూడా పడ్డాను.

నా పేరు జ్ఞానప్రసూన. ఆరేళ్ల కింద వరదలో శబరి దాటుతుండగా పడవ తిరగబడి నా భర్త పోయాడు. అప్పుడు నాకు ఇరవై రెండు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మామయ్యకు ఉన్నది ఒక్కడే కొడుకు. అశ్వారావుపేట నుంచి మా అన్న వచ్చి, పుట్టింటికి తీసుకుపోతానన్నాడు. నేను వెళ్లలేదు. భద్రాచలంలో కర్మలు అయ్యాక గోదావరిలో నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, మామయ్య ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు విడిచిపోనని రాముడికి మొక్కుకున్నాను. ఎవరూ మొక్కుకోమనలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా కథ విని నన్ను ఇంట్లో కట్టేసి ఉంచారనుకునేవాళ్లు ఉన్నారు. అదేం లేదు. పొద్దున లేచి స్నానం చేసి రామకోటి రాసుకునేదాన్ని. మామయ్యకు వండిపెట్టేదాన్ని. రాముడంటే నాకు నిజంగా ఇష్టం. ఆ రాతలో కూర్చుంటే మనసు నిమ్మళంగా ఉండేది. ఇంకేదైనా కావాలని నాకు తోచనే లేదు.

గోదాములో మొదటి ఆటకు నూట యాభై మంది వచ్చారు. సగం మంది బజారు వాళ్లు, సగం మంది చుట్టుపక్కల అడవి ఊళ్ల గిరిజనులు, దోర్లవాళ్లు. తెర పక్కన సన్నటి వెదురు కర్ర పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. సోడి కేసా. భేజ్జిలో ప్రైమరీ బడి మాస్టరు, దోర్లతనే. జగదల్‌పూర్ హాస్టల్లో ఉండి మెట్రిక్ దాకా చదివాడు. మార్చిలో ఎలక్షన్లు ఉన్నాయని ఓటర్ల లిస్టు పనికి మాస్టర్లను కుంటకు పిలిపించారు. సినిమా పెట్టెలో కథ టైపు చేసిన ఇంగ్లీషు కాయితాలు నాలుగు ఉంటే, చదివి చెప్పేవాడి కోసం వెతికి కాశయ్య ఇతణ్ణి పట్టుకొచ్చాడు. బొమ్మ నడుస్తుంటే అతను ముందు తెలుగులో, తర్వాత వాళ్ల దోర్లీ భాషలో కథ చెప్పేవాడు.

"వీళ్ల పేర్లకు మన నాలుక తిరగదు," అన్నాడు మొదటే. "అందుకని మన ఊళ్ల పేర్లే పెడదాం. ఈమె సన్నే. వీడు మంగ్లూ."

గోదామంతా నవ్వింది.

మంచు కొండ మీద ఒక మఠం. అందులో పెళ్లిపేరంటం లేకుండా దేవుడికే బతుకు రాసిచ్చిన ఆడవాళ్లు. కింద లోయలో యుద్ధం. కళ్లకు దెబ్బ తగిలిన సిపాయి ఒకడు, శత్రువుల వైపువాడు, వచ్చి మఠం గొడ్లపాకలో పడతాడు. సన్నే అతణ్ణి ఎవరికీ తెలియకుండా దాచి, కళ్లకు కట్టు కట్టి, గంజి పోస్తుంది. నలభై రోజులు అతనికి ఆమె గొంతు తప్ప ఏమీ తెలియదు. కట్టు విప్పిన రోజు అతను మొట్టమొదట చూసేది ఆమె మొహాన్నే. ఒకరినొకరు ముట్టుకోరు. చివర ఏటి ఒడ్డున పడవ దగ్గర నిలబడి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత అతను పడవ ఎక్కుతాడు, ఆమె కొండ ఎక్కుతుంది.

మా ఇంట్లో పని చేసే బుధ్రి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్ల దోర్ల మనిషి. ఎక్కడైనా గట్టిగానే మాట్లాడుతుంది.

"ఓ మాస్టరూ, ఆ పిల్ల మొగుడు ఎవరు?"

"మొగుడు లేడు. దేవుడికి మాటిచ్చింది."

"దేవుడు అడిగిండా?"

కేసా మాస్టరు చేతిలో కాయితం తిప్పి చూశాడు. "ఇందులో రాయలే," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినబడి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు అతను మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద మామయ్య ఎదురుగా కూర్చుని, మొహమాటంగా మొదలుపెట్టాడు.

"సేటూ, ఒక మాట అడగాలె. కథ కాయితాలల్ల ఆఖరిది లేదు. ఆ దొరల మాట వింటే నాకు అందదు, పడవ కాడ వాళ్లిద్దరు ఏం మాట్లాడుకున్నరో తెల్వది. నిన్న ఏదో తోచింది చెప్పిన. బుధ్రక్క ఒప్పుకోలే. మీ ఇంట్ల అమ్మగారికి మొక్కుల సంగతి తెలుసన్నరు. ఆమె అయితే ఏం చెప్తరో అడుగుదామని వచ్చిన."

"లోపలనే ఉన్నది. అడుగు," అన్నాడు మామయ్య, చుట్ట వెలిగించుకుంటూ.

నేను తలుపు వెనక నుంచే చెప్పాను. "మొక్కుకున్నాక విడిచి రాలేనని చెబుతుంది. ఇంకేం చెబుతుంది?"

"నేనూ అదే చెప్పిన. అయితే అంతసేపు ఎందుకు మాట్లాడుతదమ్మా? రాలేననేటందుకు ఒక్క మాట చాలు గదా."

ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మామయ్య మజ్జిగ ఎక్కువ పోసుకుని తిన్నాడు.

తర్వాత అతను దాదాపు రోజూ ఆ వేళకు వచ్చేవాడు. లిస్టు పని నుంచి అన్నానికి లేచినప్పుడు మా అరుగు మీద కాసేపు ఆగేవాడు. ఏదో ఒక మాటకు మంచి తెలుగు మాట అడిగేవాడు. నేను దోర్లీలో దాన్నేమంటారని అడిగేదాన్ని. బుధ్రితో ఆరేళ్లు మాట్లాడి నాకు దోర్లీ వచ్చు గాని, ఇంటి పనికి సరిపోయేంతే. నీళ్లు, కట్టె, జ్వరం, ఆకలి, రా, పో. మామయ్యకు మాత్రం దోర్లీ బాగా వచ్చు. నలభై ఏళ్లు ఆ ఊళ్లు తిరిగి సరుకు కొన్న మనిషి.

ఉన్నది ఒక్కటే సినిమా అయినా జనం తగ్గలేదు. ఎందుకంటే పడవ దగ్గర మాటలు కేసా మాస్టరు రోజుకో తీరుగా చెప్పేవాడు. ఒకరోజు సన్నే వాళ్లమ్మ గురించి చెప్పింది. ఒకరోజు మంగ్లూ తన మేకల గురించి చెప్పి అందరినీ నవ్వించాడు. దోర్నపాల్ సంతకు పోయినవాళ్లు అక్కడ చెబితే, విని ఇంకొందరు వచ్చారు. "ఈ దినం సన్నే ఏం చెప్పింది?" అని బజారులో ఒకరినొకరు అడుక్కునేవాళ్లట. తలుపు సందు నుంచి రేడియో వార్తలు, ఏ ఊరు పడిపోయిందో, ఏ వంతెన కూలిందో. లోపల ఆ మంచు కొండ. నా కుర్చీకి అలవాటు పడ్డాను. మూడు గంటలు ఎప్పుడవుతుందా అని ఎదురుచూడటం కూడా అలవాటైంది.

ఒకరోజు అతనికి మంచినీళ్లు తెచ్చి ఇస్తుంటే చేతివేళ్లు చూశాను. లిస్టు రాసి రాసి వేళ్లకు సిరా. రామకోటి రాసి నా వేళ్లకూ సిరా. అతనూ చూశాడు.

"మీరు రోజుకు ఎన్ని రాస్తరమ్మా?"

"ఐదు వందలు. మీరు?"

"మూడు వందల పేర్లు. మీ పని నయం. మీకు ఒకటే పేరు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. లోపలికి వచ్చాక కూడా నవ్వు ఆగలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఇది సినిమా గురించి కాదని.

అతనికి పెళ్లి కాలేదు. చదువు ముగించి ఊరికి వచ్చేసరికి ఈడు పిల్లలందరికీ పెళ్లిళ్లు అయిపోయాయని మామయ్యతో అనగా విన్నాను. ఇంట్లో తల్లి మాత్రమే ఉంది. భేజ్జి బడి గురించి ఎప్పుడు మాట్లాడినా గొంతు మారేది.

యుద్ధం పదో రోజో, పదకొండో రోజో. ఆ మధ్యాహ్నం పడవ సీను వచ్చింది. కేసా మాస్టరు చేతిలో కాయితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు మంగ్లూ మాటలు మొదలుపెట్టాడు.

"మా ఊళ్ల ఒక బడి ఉన్నది. నలభై మంది పిల్లలు. వానకు ఒక మూల కురుస్తది. ఆ మూల వదిలిపెట్టి కూర్చుంటం. నా దగ్గర ఇంకేం లేదు. నువ్వు నీ దేవుణ్ణి విడిచిపెట్టి రానక్కర లేదు. వెంట తెచ్చుకో. అక్కడ గూడ రాసుకోవచ్చు. ఎవరూ వద్దనరు."

వెనక నుంచి ఎవరో అడిగారు, "సిపాయికి బడి ఎక్కడిది మాస్టరూ?"

"యుద్ధానికి పోకముందు మాస్టరు పని చేసిండు," అన్నాడతను. అదంతా మళ్లీ దోర్లీలో చెప్పాడు. నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున రామకోటి ముందు కూర్చుని రెండు పేజీలు రాసి ఆపేశాను. రాముడి మీద నాకు కోపం రాలేదు. భయమూ వేయలేదు. సిగ్గేసింది. ఎందుకంటే నాకు సంతోషంగా ఉంది. ఆయనకు ఇచ్చిన మాట అట్లాగే ఉంది, మామయ్య అరుగు మీద దగ్గుతున్నాడు, నాకేమో పాట పాడుకోవాలన్నంత సంతోషంగా ఉంది. అది తప్పు కదా అని నన్ను నేను అడుక్కున్నాను. తప్పని గట్టిగా అనుకున్నా సంతోషం పోలేదు.

పెరట్లో బుధ్రి అంట్లు తోముతోంది. "మాస్టరు బడి కురుస్తదని చెప్పిండు. విన్నవా?" అంది, తల ఎత్తకుండా.

"విన్నా."

"ఆ మూలకు మావాళ్లు గడ్డి కప్పుతరులే. దానికోసం ఆగకు."

పదకొండు గంటలకు అతను వస్తే నేను తలుపు దాకా రాలేదు. మామయ్యే నీళ్లిచ్చి పంపాడు. ఆ మర్నాడు లిస్టు పని మీద దోర్నపాల్ వెళ్లాడని తెలిసింది. రెండు రోజులు కాశయ్యే ఏదో కథ చెప్పి ఆట నడిపించాడు. జనం తిట్టుకున్నారు.

పదహారో తేదీ సాయంత్రం యుద్ధం ముగిసిందని రేడియోలో చెప్పారు. బజారులో బెల్లం ముక్కలు పంచారు. దీపాలు మళ్లీ వాకిళ్లలోకి వచ్చాయి. కాశయ్యకు కొత్త పెట్టె బయల్దేరిందని కబురొచ్చింది. గోదాములో ఇక ఒక్కటే ఆట, పదిహేడున. ఆ తర్వాత డేరాలోనే.

ఆఖరి ఆట అని ఊరు ఊరంతా వచ్చింది. మామయ్య తమ్ముడు భీమశంకరం, పక్క కొట్టు ఆయన, నాకు చినమామయ్య, ముందు వరసలో పీట వేసుకుని కూర్చున్నాడు. మామయ్య ఒక గోనె కట్ట మీద కూర్చున్నాడు. కేసా మాస్టరు ఇంకా దోర్నపాల్ నుంచి రాలేదు. కాశయ్యకు గొంతు పోయింది. చలిలో అరిచి అరిచి ఒక్క మాట బయటికి రావడం లేదు.

"మా ప్రసూనమ్మకు అంతా వస్తది," అంది బుధ్రి.

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నేను మామయ్య వైపు చూశాను.

"పో అమ్మా," అన్నాడు మామయ్య. "వీళ్లంతా నడిచొచ్చిండ్రు. ఎవరో ఒకరు చెప్పాలె గదా."

కర్ర పట్టుకుని తెర పక్కన నిలబడ్డాను. మొదట నా గొంతు నాకే వినబడలేదు. మఠం, మంచు, గొడ్లపాక దాటేసరికి ధైర్యం వచ్చింది. తెలుగులో చెప్పి, నాకొచ్చిన దోర్లీలో చెప్పాను. తప్పు మాట వస్తే ముందు కూర్చున్న ముసలమ్మలు సరిదిద్దారు. బాగానే నడిచింది. పడవ సీను వచ్చింది.

తెలుగులో సన్నే చేత మంచి మాటలే చెప్పించాను. ధర్మం అన్నాను, వ్రతం అన్నాను, ఇచ్చిన మాట ప్రాణం కన్నా ఎక్కువన్నాను. చినమామయ్య తల ఊపాడు. తర్వాత దోర్లీలో చెప్పాలి. ధర్మానికి దోర్లీలో ఏమంటారో నాకు తెలియదు. వ్రతానికీ తెలియదు. నాకు తెలిసినవి చిన్న చిన్న మాటలు. వాటితోనే చెప్పాను.

"నాకు రావాలని ఉంది. ఇంట్లో ముసలాయన ఒక్కడే ఉన్నాడు. నేను వస్తే ఆయనకు ఎవరూ లేరు. అందుకని రాను. కాని రావాలని ఉంది."

చెప్పాక గాని ఏం చెప్పానో నాకు తెలియలేదు. సినిమాలో ముసలాయన ఎవరూ లేడు. గోదాములో ఎవరూ నవ్వలేదు. తెర మీద సన్నే కొండ ఎక్కుతోంది. నేను మామయ్య వైపు చూడలేకపోయాను. ఆఖరికి చూసినప్పుడు ఆయన తెర వైపే చూస్తున్నాడు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మామయ్య ఆవకాయ బాగుందన్నాడు.

మర్నాడు పొద్దున్నే చినమామయ్య వచ్చాడు. ఆయనకూ దోర్లీ వచ్చు, వ్యాపారమే కదా. నేను వంటింట్లో ఉన్నానని తెలిసీ గట్టిగానే మాట్లాడాడు.

"అన్నా, నేను ఆ సినిమా మూడుసార్లు చూసిన. అందులో ముసలోడెవడూ లేడు."

"ఉన్నడు," అన్నాడు మామయ్య. "నువ్వు సరిగ చూళ్లే."

"నాతోటి పరాచకాలొద్దు. ఆ మాస్టరు రోజూ ఈ అరుగు మీదనే కూర్చున్నడు. బజారుల అందరూ చూసిండ్రు. రేపు ఏమన్న అయితే మనం ఎట్ల తలెత్తుకుంటం? మనది ఏం ఇల్లు, వాళ్లది ఏం ఇల్లు?"

"ఆమె మాట ఇచ్చింది నా గురించి, నీ గురించి కాదు. ఆ సంగతి నేను చూసుకుంట. నువ్వు పోయి కొట్టు తెరువు."

చినమామయ్య చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ వాటి కోసం కొడుకును కూడా పంపలేదు. ఆ రోజు నుంచి మాతో మాటలు బంద్.

వారం దాటాక ముక్కోటి ఏకాదశి. మామయ్య ముందు రోజే నన్ను బస్సెక్కించి భద్రాచలం తీసుకెళ్లాడు. తెల్లవారుతుండగా ఉత్తర ద్వారం తెరిచారు. జనంలో తోసుకుంటూ స్వామిని చూశాం. ఎప్పటిలాగే నాకు ఒళ్లు పులకరించింది. నా రాముడు నాకు దూరం కాలేదని అక్కడ నిలబడ్డప్పుడు తెలిసి, కళ్లు తుడుచుకున్నాను.

దర్శనం అయ్యాక గోదావరి మెట్లు దిగాం. మామయ్య పంచె పైకి దోపుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. నన్ను పక్కన నిలబడమన్నాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని, కొండ మీది గుడి వైపు తిరిగి, కొట్టు ముందు ఎవరితోనో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"స్వామీ, ఈ పిల్ల నా గురించి నీకు ఒక మాటిచ్చింది. నన్ను అడగలే. చిన్నపిల్ల, దుఃఖంల ఉన్నది, ఇచ్చేసింది. ఆరేండ్లు నిలబెట్టింది. నాకు చాలు. ఆ మాట నువ్వు తీసెయ్యి."

నీళ్లు వదిలేశాడు.

"మామయ్యా," అన్నాను.

"నీళ్లు చల్లగున్నయ్," అన్నాడాయన, మెట్లెక్కుతూ. "పద, ఎక్కడన్న వేడిగ ఇడ్లీ తిందాం."

హోటల్లో నేను అడిగాను. "మీకు వంట ఎవరు చేస్తారు?"

"మీ అత్త పోయినంక నువ్వొచ్చేదాక ఎవరు చేసిండ్రు? నేనే. నీ కన్న చారు నేనే బాగ పెడత." ఇడ్లీ సగం తిని మళ్లీ అన్నాడు. "మాస్టరుకు నువ్వే చెప్పుకో. అది నేను చెప్తే బాగుండదు."

జనవరి మొదట్లో కేసా మాస్టరు లిస్టు అప్పగించడానికి కుంట వచ్చాడు. మా ఇంటి ముందు సైకిలు దిగకుండానే పోబోయాడు. మామయ్యే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, తను కొట్టులోకి వెళ్లిపోయాడు. నేను తలుపు దాటి బయటికి వచ్చి, ఎదురుగా కూర్చున్నాను. పట్టపగలు. బజారు మా ముందే నడుస్తోంది.

"మీ బడి ఏ మూల కురుస్తుంది?" అని అడిగాను.

అతను నా మొహంలోకి చూశాడు. "తూర్పు మూల."

"వానాకాలం లోపల కప్పించాలి."

"గడ్డి ఉన్నది," అన్నాడు. సిరా వేళ్లతో కళ్లు తుడుచుకుంటే చెంప మీద నీలం మరక పడింది. ఆ మరకతోనే సైకిలెక్కి వెళ్లిపోయాడు. మరక ఉందని నేను చెప్పలేదు.

మాఘంలో భేజ్జిలో పెళ్లి. మా అన్నకు ఉత్తరం రాశాను. ఇకమీదట అశ్వారావుపేట రావద్దని జవాబు రాశాడు. దాన్ని చదివి ఒక రోజంతా ఏడ్చాను. బజారు వాళ్లు ఎవరూ రాలేదు. మామయ్య, బుధ్రి, కాశయ్య, నేను బండిలో వెళ్లాం. కేసా పసుపు తాడు కట్టాడు. వాళ్ల పెద్దలు మా ఇద్దరి మీదా నీళ్లు పోశారు. నాకు చలి వేసింది, నవ్వూ వచ్చింది. డోళ్లు మోగాయి.

అప్పుడు కేసా తల్లి ఆయతి ముందుకొచ్చింది. నల్లగా, సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఆమె చేతిలో ఒక ఎర్ర పెయ్య పలుపు ఉంది. వాళ్లలో పిల్లనిచ్చినందుకు పెళ్లికొడుకు వాళ్లే పిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకోవాలి.

"ఈ పిల్ల తండ్రి ఎవరు?" అని దోర్లీలో అడిగింది.

మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. అన్న రాలేదు. డోళ్లు ఆగాయి.

"నేనే," అన్నాడు మామయ్య.

ఆమె పలుపు అందించింది. మామయ్య చెయ్యి చాచలేదు. "మాలో తీసుకోరమ్మా," అన్నాడు.

"తీసుకోకపోతే పిల్లను ఊరికే ఇచ్చినట్టు. ఊరికే వచ్చిన పిల్ల అని రేపు మా ఊళ్లో ఎవరన్నా అంటే నేనేం చెప్పాలి?"

మామయ్య ఒక్క క్షణం నా వైపు చూశాడు. చెయ్యి చాచి పలుపు పట్టుకున్నాడు.

తర్వాతి సంగతి నేను చూడలేదు. నెల తర్వాత బుధ్రి భేజ్జి వచ్చినప్పుడు చెప్పింది. బండి కుంట చేరాక, బజారు మొదట్లోనే మామయ్య దిగిపోయాడట. పెయ్యను బండి వెనక నుంచి విప్పుకుని, పలుపు చేత్తో పట్టుకుని, నడి బజారులో నడిపించుకుంటూ వెళ్లాడట. పొద్దున పది గంటలు, కొట్లన్నీ తెరిచి ఉన్నాయి. అందరూ చూస్తున్నారు, ఎవరూ పలకరించలేదు. చినమామయ్య కొట్టు ముందుకు వచ్చేసరికి తమ్ముడే ఉండబట్టలేక, నెల రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచి అడిగాడట.

"ఏందన్నా, ఆవును కొన్నవా?"

"కొనలే. మా బిడ్డ ఓలి," అన్నాడట మామయ్య.

ఆ మాట చెప్పి ఆగకుండా నడిచాడు గాని, పెయ్య నడవలేదు. కొట్టు ముందు పెట్టిన బెల్లం బుట్టలో మూతి పెట్టి నిలబడిపోయింది. మామయ్య పలుపు లాగుతూనే ఉన్నాడు. చినమామయ్య దాన్ని అదిలించలేదట.